చెవిలోని హోరు - వినికిడిలోని లోటు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో జరిగిన ఉపన్యాసము యొక్క పాఠము)

గ్రంథాలయములో పాఠకునికి మొట్టమొదట లభించునది పుస్తకము కాదు, నిశ్శబ్దము. వీధిలోని బండ్ల రొద, అంగడిలోని బేరముల గోల, ఇంటిలోని పిల్లల సందడి దాటివచ్చినవాడు బల్లముందు కూర్చుండి పత్రిక తెరచిన కొంతసేపటికి, అంతవరకు తెలియని ఒక సన్నని ధ్వని కొందరికి తెలియవచ్చును. అది గోడగడియారపు చప్పుడు కాదు. పైన తిరుగు పంకా శబ్దమును కాదు. ప్రక్కవానిని అడిగినచో తనకేమియు వినిపించుట లేదనును. ఆ ధ్వని చెవిలోనిది. దానిని జనులు చెవి హోరు అందురు. వైద్యగ్రంథములు కర్ణనాదమనును.

1953లో అమెరికాలో హెల్లర్, బెర్గ్‌మన్ అను ఇద్దరు పరిశోధకులు, చెవిబాధ యెరుగని 80 మందిని ఒక్కొక్కరినిగా శబ్దము చొరని గదిలో కూర్చుండబెట్టి, ఏమి వినబడుచున్నదో చెప్పుడని కోరిరి. వారిలో 94 శాతము మంది ఏదో ఒక ధ్వని వినవచ్చినదనిరి. కావున గాఢనిశ్శబ్దములో ఒక్క క్షణము సన్నని నాదము వినబడినంతమాత్రమున ఎవ్వరును బెదరనక్కరలేదు. నిశ్శబ్దము వదలి వీధిలోనికి వచ్చినను వదలక, పగలు పనిలోను రాత్రి పక్కమీదను వెంటనంటియుండు హోరు మాత్రము వేరు. దానికి కారణము వెదకవలెను. ఆ వెదకుటలో మొదటి ప్రశ్న, అది ఎంత బిగ్గరగా నున్నదని కాదు. ఏ శ్రుతిలో నున్నదని. ఏలనగా హోరు యొక్క శ్రుతికి, ఆ చెవి ఏ శ్రుతులను పోగొట్టుకొన్నదను విషయమునకు దగ్గరి చుట్టరికము కలదు.

ఈ చుట్టరికమును జనుల మాటలే సగము చెప్పుచున్నవి. కామారెడ్డి అంగడిలోగాని, ఎల్లారెడ్డి బస్సు నిలుచు చోటగాని పదిమంది పెద్దలను ఈ సంగతి యడిగినచో అందరును ఒకే మాట చెప్పరు. ఒకడు చెవిలో కీచురాయి కూయుచున్నదనును. ఒకడు గుయ్యిమనుచున్నదనును. ఒకడు దూరమున తూము విప్పినట్లు హోరుమనుచున్నదనును. మరొకడు శంఖము చెవికి ఆనించినట్లున్నదనును. వినువారు వీనినన్నిటిని ఒకే వ్యాధికి వేర్వేరు వర్ణనలని తలచి త్రోసివేయుదురు. కాని కీచురాయి కూత ఎత్తు శ్రుతి, తూము హోరు తగ్గు శ్రుతి. ఆ మాటలలో రోగలక్షణముండనే యున్నది.

ప్రాచీనులు దీనిని గమనింపకపోలేదు. సుశ్రుతసంహిత ఉత్తరతంత్రములో ఇరువదియెనిమిది కర్ణరోగములు చెప్పబడినవి. వానిలో కర్ణనాదము, కర్ణక్ష్వేడము, బాధిర్యము, అనగా చెవుడు, విడివిడిగా నున్నవి. భేరి, మృదంగము, శంఖముల ధ్వనులవంటివి వినబడుట కర్ణనాదమనియు, వేణునాదమువంటిది వినబడుట కర్ణక్ష్వేడమనియు ఆయుర్వేదజ్ఞులు భేదము చూపిరి. భేరి మంద్రము, వేణువు తారము. కొలత సాధనములు లేని కాలమున శ్రుతినిబట్టి హోరును రెండుగా విభజించుట సామాన్యమైన సూక్ష్మదృష్టి కాదు. వారు చెప్పిన వాతదోషమును నేటి శరీరశాస్త్రము అంగీకరింపకపోవచ్చును. వారు వినిన వినికిడి మాత్రము నిక్కము.

ఇక చెవి నిర్మాణమును కొంత తెలిసికొననిదే ముందునకు పోవుట కుదరదు. ధ్వని యనగా గాలిలోని కంపనము. సెకనుకు ఎన్ని కంపనములో అంత శ్రుతి. యౌవనములోనున్న ఆరోగ్యవంతుని చెవి సుమారు 20 మొదలు 20,000 వరకు కంపనములను గ్రహించును. భజనలో వాయించు హార్మోనియముపై మధ్యస్థాయి ఒకటవ శ్రుతి షడ్జము సెకనుకు సుమారు 262 కంపనములు. పై షడ్జము దానికి రెట్టింపు. ఇట్లు నాలుగు స్థాయిలు పైకెక్కినచో 4,186 కంపనములగును. అంత ఎత్తైన మెట్టు హార్మోనియములో నుండనే యుండదు. ఈ 4,000 అను సంఖ్య మరల మరల వచ్చును గనుక గుర్తుంచుకొనదగినది.

కంపనము కర్ణభేరిని తాకి, మూడు చిన్న ఎముకలద్వారా లోపలి చెవిలోనికి చేరును. అక్కడ నత్తగుల్లవలె చుట్టుకొన్న ఒక అవయవము కలదు, దానిని కర్ణావర్తమందురు. చుట్టు విప్పి చాచినచో దాని పొడవు సుమారు 35 మిల్లీమీటర్లు మాత్రమే. అందులో కురచ వెంట్రుకలవంటి కొసలుగల సూక్ష్మకణములు వరుసలు దీరియుండును. ధ్వనిని నాడికి అందించు లోపలి వరుసలో సుమారు 3,500 కణములు, ఆ ధ్వనిని బలపరచు వెలుపలి వరుసలలో సుమారు 12,000. ద్వారమువద్దనున్న కణములు ఎత్తు శ్రుతులకు, చుట్టు కొననున్నవి తగ్గు శ్రుతులకు స్పందించును. ప్రతి శ్రుతికి కర్ణావర్తములో ఒక చోటున్నదన్నమాట. ఈ విషయములో పరిశోధన చేసిన హంగేరీ దేశీయుడు గియార్గ్ ఫాన్ బెకెషీకి 1961లో నోబెల్ బహుమానము లభించినది. అక్కడినుండి మెదడు వరకు నాడులును అదే వరుసను పాటించును. ఈ కణములు ఒకసారి చచ్చినచో మనుష్యునిలో మరల మొలకెత్తవు. కోడిలో మొలకెత్తును, సృష్టిలో మనుష్యునికి అన్నియు ఎక్కువగా దక్కలేదు.

ఇప్పుడు ఈ ప్రాంతపు సంగతి. మంజీరకు అడ్డముగా 1923లో ఆరంభమై 1931లో పూర్తియైన నిజాంసాగరము, వందల చెరువులు, అటుపిమ్మట బోరుబావులు ఇచ్చటి నేలను వరికి, చెరకునకు అలవాటు చేసినవి. వరి వచ్చినచోటికి గిర్ని వచ్చినది. చెరకు వచ్చినచోటికి గానుగ, దాని వెంట ఇంజను వచ్చినది. 2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లా అగునాటికి నాగలికి బదులు ట్రాక్టరు, కొడవలికి బదులు కోతయంత్రము ఊరూర తిరుగుచుండెను. కడుపు నిండుటకు ఇవి చేసిన మేలు చెప్పనలవి కానిది. అయితే వీని రొదకు చెవి చెల్లించిన మూల్యమును ఏ పద్దులోను ఎవ్వరును వ్రాయలేదు.

ఆ మూల్యము లెక్కకు అందనిది కాదు. ధ్వని బలమును డెసిబెల్లులలో కొలుతురు. మామూలు సంభాషణ సుమారు 60. యంత్రములు తిరుగు గిర్నీలో ధ్వని 85, 90 చేరుట సాధారణము. చేయి చాచినంత దూరములోనున్నవానికి అరచి చెప్పవలసి వచ్చినచో అక్కడ 85 దాటినదని గ్రహింపవచ్చును, దానికి యంత్రమక్కరలేదు. 85 డెసిబెల్లులలో ఎనిమిది గంటలు పనిచేయుట హద్దని శాస్త్రజ్ఞులలో పలువురు ఎంచుచున్నారు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్లులకును ధ్వనిశక్తి రెట్టింపగును గనుక కాలము సగమగును: 88లో నాలుగు గంటలు, 91లో రెండు, 94లో ఒకటి. భారతదేశపు కర్మాగార నియమములు 90 డెసిబెల్లులవరకు ఎనిమిది గంటలను అనుమతించినవి. ఆ హద్దు చెవికి అనువైనది కాదు, యంత్రమునకు అనువైనది. పెండ్లి ఊరేగింపులలో బండిపై నిలువెత్తు పెట్టెలు పేర్చి మ్రోగించు సంగీతము నూరు దాటును. దానికి ఈ లెక్కప్రకారము పావుగంటయు ఎక్కువే.

రొద మొదట దెబ్బతీయునది అన్ని శ్రుతులను కాదు. చెవినాళము సుమారు 3,000 కంపనముల ధ్వనిని తనంతట తానే పెంచును. గాయము దానికి కొంచెము పై శ్రుతిలో పడును. అందుచేత రొదలో పనిచేసినవాని వినికిడి పటమును గీచినచో, 4,000 వద్దనో దాని చుట్టుప్రక్కలనో ఒక గుంత కనిపించును. తగ్గు శ్రుతులన్నియు చక్కగా నుండును. అందువలననే ఇట్టివాడు తనకు చెవుడున్నదని ఒప్పుకొనడు. పిలిచిన పలుకును, ఎద్దు రంకె వినును, వాన చప్పుడు వినును. మాటలలో అచ్చుల బలము తగ్గు శ్రుతులలో నుండగా, స, శ, చ, త వంటి హల్లుల పదును ఎత్తు శ్రుతులలో నుండును. కావున కంఠము వినబడును, మాట తెలియదు. పాలు, చాలు, తాలు, సాలు - ఈ నాలుగింటిలోను అతనికి '-లు' స్పష్టముగా వినిపించును. మొదటి అక్షరమును ఎదుటివాని పెదవులనుబట్టియు సందర్భమునుబట్టియు ఊహించుకొనును. గిర్నీలో తాలు అనిన తాలే, ఊహ తప్పదు. ఇంటిలో కోడలు వెనుకనుండి అడిగినప్పుడు తప్పును. అప్పుడు తగవు మొదలగును. 'వినబడియు విననట్లున్నాడు' అను నింద ఎందరు పెద్దల తలపై పడినదో!

ఇట్టి మనుష్యుడు తన చెవిగురించి చెప్పు ఫిర్యాదు సాధారణముగా ఒక్కటే: 'నాకు బాగుగనే వినబడును, కాని లోపల కీచుమనుచున్నది.' ఈ వాక్యములోని మొదటి సగము పొరపాటు. రెండవ సగము ఆ పొరపాటునకు సాక్ష్యము. ఎక్కడ వినికిడి పోయినదో అక్కడనే కూత వినబడుచున్నది.

ఇది ఊహ కాదు. హోరు శ్రుతిని కొలుచుటకు సులభమైన పద్ధతి యున్నది. పరీక్షకుడు రెండు ధ్వనులు వినిపించి, ఏది నీ హోరును పోలియున్నదని అడుగును. చెప్పినదానికి దగ్గరగా మరి రెండు వినిపించును. ఇట్లు సంతలో ఎద్దు ధర తేలినట్లు ఇరుప్రక్కలనుండి దగ్గరకు వచ్చుచు ఒక సంఖ్య తేల్చును. బెల్ టెలిఫోను ప్రయోగశాలకు చెందిన వెగెల్ అను భౌతికశాస్త్రజ్ఞుడు తన చెవులలోని హోరునే ఇట్లు పరిశీలించి 1931లో ప్రకటించెను. హోరు శ్రుతిని కొలిచి, వినికిడి పటముప్రక్కన ఉంచినచో, పెక్కుమందిలో ఆ శ్రుతి పటములోని పల్లపు భాగములోనే పడును. రొదచేత చెడిన చెవులలో అది తరచుగా 3,000 పైననే యుండును. వార్ధక్యముచేత వినికిడి పైనుండి క్రిందికి తరుగుచు వచ్చువారిలో అంతకన్న పైకి పోవును.

ఇంతవరకు పండితులకు భేదము లేదు. పల్లములో సరిగా ఎక్కడ అను ప్రశ్నకు మాత్రము వారు ఏకముఖముగా లేరు. మంచి వినికిడి ముగిసి లోటు ఆరంభమగు గట్టున హోరు పుట్టునని ఒక వాదము. లోటు మిక్కిలి లోతుగానున్న చోట పుట్టునని మరొకటి. కేంబ్రిడ్జి ఆచార్యుడు బ్రయన్ మూర్, వినయ్, సంధ్య అను ఇద్దరు భారతీయ పరిశోధకులతో కలసి 2010లో ప్రకటించిన వ్యాసము ఇందు చిత్రమైనది. హోరుగలవారు శ్రుతిని పోల్చునప్పుడు ఒక స్థాయి తేడాలో తప్పు చేయుదురని వారు గుర్తించిరి. సంగీతములో మంద్రషడ్జము, మధ్యషడ్జము ఒకే స్వరమువలె తోచునట్లే, 4,000కు బదులు 8,000 అనియో 2,000 అనియో చెప్పుట సహజము. కావున ముందుగా ఆ తేడా తెలియునట్లు శిక్షణనిచ్చి, తరువాత కొలిచిరి. అప్పుడు హోరు శ్రుతి గట్టునకు చాల సమీపముగా వచ్చినది. పరీక్షింపబడినవారు మాత్రము 11 మందియే. 2012లో జర్మనీలో షెక్‌ల్‌మన్ మొదలగువారు 286 మంది రోగుల పటములు పరిశీలింపగా, శ్రుతి గట్టుకన్న పైననుండి, మిక్కిలి లోటుగల శ్రుతితో సంబంధము కనబరచినది. ఇతరుల లెక్కలలో పెక్కులు ఈ రెండవ వైపునకే మొగ్గినవి. అయినను 11 మందిని శిక్షణతో కొలుచుట, 286 మందిని శిక్షణ లేక కొలుచుట - ఈ రెండింటిలో ఏది మేలైన సాక్ష్యమో తేల్చుట అంత తేలిక కాదు. పల్లములో హోరుండుట నిశ్చయము. ఏ మూలనను విషయము ఇంకను తగవులోనే యున్నది.

ఈ తగవు వెనుక, హోరు ఎందుకు పుట్టుచున్నదను పెద్ద ప్రశ్న యున్నది. గట్టువాదులు చెప్పునది కాలువ నీటి కథవంటిది. చివరి మడికి నీరందనప్పుడు ఆ మడి రైతు ప్రక్కమడి గట్టు తెగకొట్టి ఆ నీటినే తెచ్చుకొనును. అట్లే మెదడులో ఎత్తు శ్రుతులకు చెందిన భాగము తనకు రావలసిన వార్తలు రాకపోగా, ప్రక్కనున్న గట్టు శ్రుతికే లోబడునట. అప్పుడు గట్టు శ్రుతి పలుకునట్టి కణములు అధికమై హోరుగా వినబడునందురు. రెండవ పక్షమువారిది రేడియో కథ. దూరపు స్టేషను బలహీనముగా వచ్చినప్పుడు పాట వినుటకై మీటను పెంచుదురు. పాట ఎంత పెరుగునో గాని బరబర హోరు మాత్రము తప్పక పెరుగును. చెవినుండి వార్త తగ్గిన శ్రుతులలో మెదడు తన మీటను పెంచుకొనును. నాడులలో ఎల్లవేళల సహజముగానుండు చిన్న కదలిక, ఆ పెంపులో ధ్వనియై తోచును. ఈ వాదము ప్రకారము హోరు గట్టున కాక పల్లములోనే యుండవలెను. ఎక్కువ కొలతలతో పొసగునది ఇదియే. కాలు తీసివేసిన తరువాతను లేని కాలు నొప్పిపుట్టుట చాలమంది ఎరిగినదే. చెవి హోరు కూడ అట్టిదే. లేని వినికిడి పెట్టు కేక.

రేడియో కథను బలపరచు ఒక ముచ్చటైన పరీక్ష ఇంగ్లండులో జరిగినది. షెట్, టర్టిల్, మన్రో అనువారు ఆరోగ్యవంతులైన 18 మందిచేత ఒక చెవిలో మెత్తని బిరడా వారము దినములు ఎడతెగక పెట్టించిరి. ఆ వారములో 14 మందికి చెవి హోరు పుట్టినది. నిలుకడగా వినవచ్చిన హోరు, బిరడా ఎక్కువగా అడ్డగించిన ఎత్తు శ్రుతులలోనే యుండినది. బిరడా తీయగానే అది మాయమైనది. 2012లో ఈ ఫలితములు వెలువడినవి. కొద్దిదినములు వినికిడి తగ్గించినంతనే హోరు పుట్టి, వినికిడి తిరిగి యివ్వగనే పోవుట ఎంతటి ఆశాజనకమైన విషయము! చెవిలో గుబిలి గట్టిపడి మూసికొన్నవారికి దానిని వైద్యుడు తీయగనే హోరు తగ్గుట ఈ కథకు ఇంటింటి రూపము.

ఎత్తు శ్రుతి హోరులన్నిటికిని రొద, వార్ధక్యము మాత్రమే కారణములు కావు. మలేరియా పరాన్నజీవిని దోమ కడుపులో 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ కనుగొనెను. ఆ జ్వరమునకు చిరకాలము మందైన క్వినైను ఎక్కువగా మ్రింగినవారికి చెవులు గింగురుమనుచుండెడివి. మందు మానిన తరువాత సాధారణముగా నెమ్మదించెడివి. క్షయకు సూదిమందుగా వాడబడిన కనామైసిన్, అమికాసిన్ అంతటి దయగలవి కావు. అవి కర్ణావర్తపు ద్వారమువద్ద కణములను, అనగా ఎత్తు శ్రుతుల చోటును, మొదట చంపును. ఆ నష్టము తిరిగి రాదు.

తగ్గు శ్రుతి హోరు ముచ్చట వేరు. 1861లో ప్రాస్పర్ మెన్యేర్ అను ఫ్రెంచి వైద్యుడు లోపలి చెవినుండి పుట్టు తలత్రిప్పు వ్యాధిని వర్ణించెను. ఇందు తల గిర్రున తిరుగుట, చెవి దిబ్బడ, తూము విప్పినట్టి హోరు కలసి వచ్చును. ఈ వ్యాధి ఆరంభములో పోవునది తగ్గు శ్రుతుల వినికిడియే. హోరును తగ్గు శ్రుతిదే. చుట్టరికము ఇక్కడను తప్పలేదు. నాడితోపాటు లయగా కొట్టుకొను శబ్దము మాత్రము ఈ లెక్కలోనికి రాదు. అది రక్తనాళముల విషయము, దానికి వేరు పరీక్ష కావలెను.

సంగీతజ్ఞుల పేరు చెప్పక ఈ విషయము ముగింపరాదు. చెక్ దేశపు స్మెతనా 1874లో పూర్తిగా చెవిటివాడయ్యెను. 1876లో వ్రాసిన తన తంత్రీవాద్య రచన చివరి భాగములో, పరుగెత్తు సంగీతము హఠాత్తుగా ఆగి, ఒక్క వయొలిను సన్నని ఎత్తు స్వరమును పట్టి నిలుచును. తన చెవిలో మ్రోగిన కూత అదియేనని ఆయన చెప్పుకొనెను. అది సెకనుకు సుమారు 2,600 కంపనముల స్వరము. అయితే వయొలినుపై సుఖముగా పలుకగల ఎత్తునకు ఒక హద్దు కలదు గనుక, ఆయన చెవిలోని అసలు శ్రుతి అదియేనని నిర్ధారించుట తొందరపాటు.

ఇక ఈ జ్ఞానమువలన రోగికి కలుగు ప్రయోజనమేమి? మొదటిది, హోరుగలవాడు తన వినికిడిని తప్పక కొలిపించుకొనవలెను, 'నాకు బాగుగనే వినబడును' అని తనకు తోచినను. పటము గీయుటకు అరగంటయు పట్టదు, నొప్పియు లేదు. కామారెడ్డిలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల ఆరంభమైనది. హైదరాబాదు కోఠీలో చెవి, ముక్కు, గొంతు వ్యాధుల ప్రభుత్వ ఆసుపత్రి చిరకాలముగా నున్నది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా నుండిన అలీ యావర్ జంగ్ పేర బొంబాయిలో 1983లో వెలసిన జాతీయ శ్రవణ సంస్థకు సికింద్రాబాదు మనోవికాసనగరులో ప్రాంతీయకేంద్రము కలదు. ఎల్లారెడ్డినుండి అంతదూరము పోవుట ఒక దినపు కూలి పోగొట్టుకొనుటయే. అయినను చెవిలో వేడినూనె, ఆకుపసరు పోయుచు గడపిన సంవత్సరములకన్న అది చౌక. కర్ణభేరికి రంధ్రమున్న చెవిలో నూనె పోయుట ప్రమాదకరము కూడ.

ఒక చిక్కు ఇక్కడ చెప్పవలెను. సామాన్యముగా పరీక్ష 250 మొదలు 8,000 కంపనములవరకే జరుగును. హోరు 10,000 శ్రుతిలోనున్నవానికి పటము చక్కగనే కనబడవచ్చును. అంతేగాక 2009లో కుజావా, లీబర్మన్ ఎలుకలలో చూపినట్లు, రొదవలన కణములు బ్రతికియుండియు వానికి నాడితోగల కూడళ్లు తెగిపోవచ్చును. మామూలు పరీక్షకు అది అందదు. మనుష్యులలో ఇది హోరునకెంతవరకు కారణమో విచారణ జరుగుచున్నది. కావున పటము బాగున్నదని చెప్పి రోగిని భ్రమపడినవానిగా చూచుట వైద్యుని తొందరపాటే యగును.

రెండవ ప్రయోజనము వినికిడి యంత్రము విషయములో. లోటును పూరించునది యంత్రమేగాన, బిరడా తీసిన ఫలితమునే కొంతవరకు అది ఇయ్యవలెను. షెట్ మొదలగువారే 2010లో ప్రకటించిన పరిశీలనలో, హోరు శ్రుతి 6,000కు లోబడినవారికి యంత్రములవలన ఉపశమము ఎక్కువగాను, దానికి పైబడినవారికి తక్కువగాను కనబడినది. యంత్రము ఆ పై శ్రుతులను చాలినంత అందింపలేకపోవుటయే కారణమని వారి అభిప్రాయము. శ్రుతిని కొలుచుట వట్టి వేడుక కాదనుటకు ఇదియే చాలును. హోరు శ్రుతిని మాత్రము సంగీతమునుండి తీసివేసి వినిపించు చికిత్సయు జర్మనీలో 2010లో గొప్ప ఆశలు రేపినది; తరువాతి పరీక్షలు ఆ ఆశలను తగ్గించినవి. శ్రుతి కొలతలో ఒక స్థాయి తప్పు సులభమైనప్పుడు, ఆ కొలతపై ఇల్లు కట్టువారు జాగ్రత్తపడవలెను. హోరును పూర్తిగా పోగొట్టు మాత్ర ఏదియు లేదు. ఉన్నదని అమ్మువారు మాత్రము ఉన్నారు.

హోరు బలమును కొలిచినచో అది సాధారణముగా ఆ శ్రుతిలో వినికిడి మొదలగు హద్దునకు పది డెసిబెల్లులు కూడ మించదని 1940 దశకమునుండి తెలిసినదే. ఆకు కదలికంత చిన్న ధ్వని! ఆ సంఖ్య చూచి ఇంతమాత్రమునకేనా అనుట అన్యాయము. బాధ డెసిబెల్లులలో లేదు. నిద్ర పట్టక తెల్లవార్లు కూర్చున్నవానికి తెలియును. అట్టివానికి గదిలో మెల్లని పంకా చప్పుడుంచుట, మనస్సును దానినుండి మరల్చు క్రమమైన శిక్షణ మేలు చేయుచున్నవి. నిశ్శబ్దము అతనికి మందు కాదు.

హఠాత్తుగా ఒక చెవి వినికిడి పోయి హోరు పుట్టినచో అది తీరిక దొరికినప్పుడు చూపించుకొను విషయము కాదు; ఒకటి రెండు దినములలోనే వైద్యుని చేరవలెను. కొద్దిదినములలో ఆరంభించిన చికిత్సకే ఎక్కువ ఫలముండును. ఒక్క చెవిలోనే నిలచిపోయిన హోరును, తలత్రిప్పుతో కూడినదానిని, చీము కారు చెవిని కూడ ఉపేక్షింపరాదు.

గిర్నీలో, గానుగవద్ద, ట్రాక్టరుపై నున్నవారు చెవిలో దూది పెట్టుకొనుట ఈ ప్రాంతమున కద్దు. దూది ధ్వనిని చాల స్వల్పముగా తగ్గించును. నొక్కి పెట్టిన పిదప ఉబ్బి చెవి నిండు మెత్తని బిరడాలు, చెవులపై కప్పు డిప్పలు సరిగా ధరించినచో పది మొదలు ఇరువది డెసిబెల్లులు తగ్గించును. అనగా 94 డెసిబెల్లుల చోట ఒక గంటకు బదులు దినమెల్ల పనిచేయవచ్చును. వాని వెల బియ్యపు సంచి వెలలో లేశమాత్రము. గిర్నీ యజమాని వానిని కొనియిచ్చి, ఏటికొకసారి పనివారి పటములు గీయించి దాచినచో, 4,000 వద్ద గుంత ఏ సంవత్సరమున మొదలైనదో ఆ కాగితములే చెప్పును. అప్పటికి కీచురాయి ఇంకను కూయనారంభింపకపోవచ్చును.